వంటింట్లోంచి విన్న సినిమాలు

మా ఇంట్లో టీవీ హాల్లో ఉత్తరం గోడకి ఉంటుంది. వంటింటి గుమ్మం అదే గోడకి పక్కగా, కాస్త వెనక్కి. పొయ్యి దగ్గర నిలబడితే తెర కనపడదు. మెడ సాచితే ఓ మూల ఎవరి భుజమో, ఎవరి చీరంచో కనపడుతుంది. ఈ ఇల్లు కట్టించింది నేనే, టీవీ ఎక్కడ పెట్టాలో చెప్పిందీ నేనే. ముప్ఫయ్యేళ్ళుగా దానికెదురుగా కుర్చీలో కూచుని సినిమాలు చూసి, వాటిమీద అభిప్రాయాలు ఏర్పరచుకుని, దొరికినవాళ్ళకల్లా చెబుతూ వచ్చాను. మా ఆవిడ అవే సినిమాలు వింది.

మాటవరసకి అనడం లేదు. జెమినీలో ‘అమృతం’ వచ్చే రోజుల్లో ఆదివారం రాత్రి ఆవిడ చపాతీలు ఒత్తుతూ ఉండేది. సిరివెన్నెల రాసి, కళ్యాణి మాలిక్ బాణీ కట్టిన ఆ టైటిల్ పాట మొదలైతే పిల్లలు హాల్లోకి పరిగెత్తేవాళ్ళు, ఆవిడ పెనం కింద మంట తగ్గించేది, మాటలు వినపడాలని. అమృతరావు వేషం మొదట శివాజీ రాజా వేశాడు, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్. ఓసారి మధ్యలో నేను, “ఏమోయ్, అమృతం మనిషి మారిపోయాడు!” అని కేకేస్తే, “గొంతు ఎప్పుడో మారిందిగా” అంది లోపలినుంచి. ఆవిడ లెక్కలో ఆ సీరియల్‌కి నాయకుడు అమృతం కాదు, ఆంజనేయులు. గుండు హనుమంతరావు గొంతు ఒకటి నిలకడగా ఉన్నంత కాలం మిగతావాళ్ళు ఎంతమంది మారినా ఆవిడకి పట్టలేదు. ఇప్పుడు పాత ఎపిసోడ్లు మళ్ళీ చూస్తే ఆ మాట నిజమే అనిపిస్తుంది. గుణ్ణం గంగరాజు ‘అమృతం’ నూటికి తొంభై పాళ్ళు మాటల మీద నడిచే సరుకు. కళ్ళు మూసుకున్నా నవ్వొస్తుంది. ఒక అధ్వాన్నమైన హోటల్ గురించిన హాస్యాన్ని ఆవిడ పొయ్యి ముందు నిలబడి వినడంలో ఇంకో హాస్యం ఉందని అప్పట్లో నాకు తట్టలేదు.

కిందటి శ్రావణంలో మా ఆవిడ పెరట్లో జారి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు సిమెంటు కట్టు. అమ్మాయి వస్తానంది గానీ దాని ఉద్యోగం దానిది. “నేను చేస్తాలే” అన్నాను, కాస్త గొప్పగానే. దాంతో మా ఇంట్లో ముప్ఫయ్యేళ్ళ ఏర్పాటు తిరగబడింది. నా కుర్చీలో ఆవిడ, చేతికింద దిండు పెట్టుకుని. పొయ్యి దగ్గర నేను. రిమోటు ఎడం చేత్తో నొక్కడం రెండ్రోజుల్లో నేర్చుకుంది.

ఆ ఆరు వారాల్లో ఆవిడ చూసినవీ నేను విన్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. వీటిలో కొన్నిటి మీద ఇదివరకు నాకు గట్టి అభిప్రాయాలు ఉండేవి.

మొదట ‘మిథునం’ పెట్టమంది. 2012లో తనికెళ్ల భరణి తీసింది. శ్రీరమణ కథ గురించి ఈ పాఠకులకి నేను చెప్పక్కర్లేదు, బాపు తన చేతిరాతతో తిరగరాసి పంచిపెట్టిన కథ అది. సినిమా అంతా ఇద్దరే మనుషులు, అప్పదాసుగా బాలసుబ్రహ్మణ్యం, బుచ్చిలక్ష్మిగా లక్ష్మి. నాకు ఎంత ఇష్టమంటే, వచ్చినవాళ్ళకి బలవంతాన చూపించేవాణ్ణి. ఈసారి వంటింట్లోంచి విన్నాను. వినడానికి ఎంత బావుందో! బాలు గొంతులో తిండి పేరెత్తితే చాలు, నోరూరుతుంది. కాఫీ దండకం దగ్గర నేను పాలు పొంగబెట్టేశాను. గట్టు తుడుచుకుంటూ బయటికొచ్చి చూద్దును కదా, మా ఆవిడ ముఖంలో నవ్వూ లేదు, విసుగూ లేదు. లెక్కలు చూసుకునేవాళ్ళ ముఖంలా ఉంది.

“బాలేదా?”

“బావుంది. ఈ గిన్నెలన్నీ ఎవరు తోముతున్నారా అని చూస్తున్నా.”

నాకు కోపం వచ్చింది, దాచుకోను. అప్పదాసు కూచుని తినే రకం కాదే, తోటపని చేస్తాడు, చేతులతో పది రకాల పనులు చేసుకుంటాడు అని వాదించాను. ఆవిడ అంతా విని, “ఆయనవన్నీ చెయ్యాలనిపించినప్పుడు చేసేవండీ. ఆవిడవి వేళకి చెయ్యాల్సినవి” అంది. తర్వాత నేను వాదన ఆపి పులుసులో ఉప్పు చూసుకోడానికి వెళ్ళాను, ఎందుకంటే పన్నెండున్నర అయింది, ఆవిడ మాత్ర వేసుకోవాలి.

ఈ ఒక్క మాటతో ‘మిథునం’ తప్పు సినిమా అయిపోయిందని నేననను, ఆవిడా అనలేదు. కానీ ఆ సినిమా వంటని ఎక్కడ చూపిస్తుందో, ఎక్కడ కత్తిరిస్తుందో అప్పటిదాకా నేను గమనించలేదు. తెర మీద వంట అంటే ఆవకాయ కలపడం, వేడివేడిగా వడ్డించడం, తినేవాడి కళ్ళు మెరవడం. ఆ మెరుపుకీ మర్నాటి పొద్దుటి కాఫీకీ మధ్య ఉండే రెండు గంటలు ఎడిటింగ్ బల్ల దగ్గర పోతాయి. ఎంగిళ్ళెత్తడం, జిడ్డు వదలని మూకుడు, తడిసిన చీర కుచ్చెళ్ళు, ఇవేవీ దండకాల్లోకి రావు. శ్రీరమణ కథనే ఎం.టి. వాసుదేవన్ నాయర్ 2000లో ‘ఒరు చెరు పుంచిరి’గా మలయాళంలో తీశాడు. అందులో ఇరుగుపొరుగు, పిల్లలు, ఊరు అన్నీ ఉన్నాయి, రుచుల పారవశ్యం పాలు తక్కువ. సినిమాగా నాకు అదే ఎక్కువ కుదురుగా అనిపిస్తుంది. తెలుగులో మనం తిండి దగ్గరికొచ్చేసరికి కాస్త ఆగలేం.

అయితే ‘మిథునం’ చివర్లో ఆవిడ ఏడ్చింది. తనకన్నా మొగుడే ముందు పోవాలని బుచ్చిలక్ష్మి కోరుకుంటుంది, తను పోతే ఆయన్ని చూసేవాళ్ళెవరని. పసుపుకుంకుమలతో పోవాలని మొక్కుకునే లోకంలో ఆ కోరిక కథకి గుండెకాయ. కళ్ళు ఎడం చేత్తో తుడుచుకుని, నేను పెట్టిన పప్పుచారన్నం ఒక ముద్ద తిని, “ఫర్వాలేదు, ఇక నాకా బెంగ లేదు” అంది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

తర్వాతి వారం ‘ది గ్రేట్ ఇండియన్ కిచెన్’. 2021 జనవరిలో వచ్చినప్పుడు నేను చూశాను, బావుందని పదిమందికి చెప్పాను కూడా. చెప్పనిదొకటి ఉంది. ఆ కూరలు తరగడాలు, కొబ్బరి కోరడాలు, సింకులో చెయ్యి పెట్టడాలు వచ్చినప్పుడల్లా రిమోటు మీద పది సెకన్ల ముందుకి బటన్ నొక్కుతూ చూశాను. “సరే, అర్థమైంది, కథ నడవనీ” అన్నట్టు. కథ అంటే నా దృష్టిలో మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు. నిమిషా సజయన్ పాత్రకి సినిమాలో పేరు లేదు. సూరజ్ వెంజరమూడు వేసిన ఆ మొగుడు బడిలో ‘కుటుంబం’ గురించి పాఠం చెబుతాడు. మామగారు మంచివాడే, గొంతు పెంచడు. అన్నం కట్టెల పొయ్యి మీద వండితేనే సయిస్తుంది, పచ్చడి రోట్లో రుబ్బితేనే, బట్టలు చేత్తో ఉతికితేనే. అంతే. ఒక్క తిట్టు లేకుండా ఒక మనిషి రోజంతా ఎలా అరిగిపోతుందో జియో బేబీ చూపించాడు.

ఈసారి నేను వంటింట్లో ఉన్నాను. ఆ సినిమాలో నేపథ్య సంగీతం దాదాపు లేదు, వంటింటి చప్పుళ్ళే సంగీతం. బెండకాయలు తరుగుతున్నాను. హాల్లో కూడా ఎవరో తరుగుతున్నారు. నా మూకుట్లో ఆవాలు చిటపటలాడుతుంటే అక్కడా పోపు. కాసేపటికి ఏ చప్పుడు నాదో, ఏది సినిమాదో తెలియలేదు. నీళ్ళు కారుతున్న శబ్దం వచ్చింది. వంగి మా సింకు కింద చూశాను, తలుపు తీసి గొట్టం తడిమాను, పొడిగానే ఉంది. “ఏవండీ, మనది కాదు, వాళ్ళది” అంది మా ఆవిడ హాల్లోంచి. తలుపు వేసి లేవబోతూ గట్టుకి తల కొట్టుకున్నాను.

ఆ కారే సింకు కథ మీకు తెలుసు. ప్లంబర్‌ని పిలవమని ఆ అమ్మాయి చెబుతూనే ఉంటుంది, మొగుడు మర్చిపోతూనే ఉంటాడు, ఆవిడ గోనెపట్టా వేసి, బకెట్టు పెట్టి ఈడుస్తుంది. విమర్శకులు దాన్ని ప్రతీక అన్నారు. నేనూ అన్నాను. మా ఆవిడ దాన్ని సింకు అనే అంది. “ఆ నీళ్ళ వాసన తెలుసా మీకు? చెయ్యి కడుక్కున్నా పోదు. అన్నం తినేటప్పుడు తెలుస్తుంది.” సినిమా కూడా అదే చెబుతుందని, ఆ అమ్మాయి రాత్రి పడకమీద కూడా చేతులు వాసన చూసుకునే మనిషని, అప్పుడు నాకు అర్థమైంది. పది సెకన్ల బటన్ నొక్కినవాడికి అది అందదు. జియో బేబీ ఒకే పనిని పదిసార్లు చూపించింది మనకి తెలియదని కాదు, పదిసార్లు చూడ్డానికే మనకి ఓపిక లేదని.

ఇందులో ఆవిడకి నచ్చనిదీ ఉంది. చివరి నాట్యం. “ఇంత సేపూ చప్పుడు లేకుండా చెప్పి ఇప్పుడు డప్పు ఎందుకు?” అంది. నాకూ అదే అభ్యంతరం. కన్నవారింటికి తిరిగొచ్చిన అమ్మాయి, తమ్ముడు మంచినీళ్ళు అడిగితే చెల్లెలు లేవబోతుంటే అరుస్తుందే, సినిమా పతాకం అక్కడే ఎగిరింది. మొగుడి కొత్త పెళ్ళాం ఎంగిలి కప్పు తీసి కడగడానికి పట్టుకెళ్ళే ముక్క ఇంకా గట్టిది. నాట్యం అక్కర్లేదు. ఇంకో మాట. కోడలి కన్నా అత్తగారిని చూసి మా ఆవిడ ఎక్కువ కదిలిపోయింది. కూతురి పురుడికని ఆవిడ వెళ్ళిపోయాక సినిమా ఆవిణ్ణి మర్చిపోయిందని ఫిర్యాదు. “పాపం, అక్కడికెళ్ళీ వంటే.”

‘బలగం’ గురించి ఎక్కువ చెప్పను, అందరూ చెప్పారు. నల్లి బొక్క దగ్గర మొదలైన మాటపట్టింపు ఇరవయ్యేళ్ళు ఇంటల్లుణ్ణి, ఆడబిడ్డని దూరం చెయ్యడం, పెద్దాయన పోయాక కాకి ముద్ద ముట్టకపోవడం, వేణు యెల్దండి చాలా నిజాయితీగా తీశాడు. మా ఆవిడ ప్రశ్న ఒకటే: “ఆ మాంసం వండినావిడకి ముక్క మిగిలిందా?” నవ్వేశాను గానీ, ఆ గొడవలో పరువు పోయింది మగవాళ్ళకైతే పుట్టిల్లు పోయింది ఆడపిల్లకి అన్న సంగతి ఆ సినిమాకి తెలుసు. రూపాలక్ష్మి ఏడుపు అందుకే అంత మోగింది.

‘#90స్’ ఆరు ఎపిసోడ్లూ రెండ్రోజుల్లో అయిపోయాయి. శివాజీ లెక్కల మాస్టారు. భార్య రాణిగా వాసుకి, ‘తొలిప్రేమ’లో పవన్ కళ్యాణ్ చెల్లెలే ఈవిడ అని మా ఆవిడ గొంతుని బట్టి చెప్పింది, మళ్ళీ గొంతే! హాయిగా చూడదగ్గది. ఉప్మా మీద జోకులకి మేమిద్దరం నవ్వాం. కానీ అది పిల్లల జ్ఞాపకంలోంచి తీసిన సిరీస్ కాబట్టి అందులో అమ్మ ఎప్పుడూ వంటింట్లోంచి వస్తూనో, వంటింట్లోకి వెళ్తూనో ఉంటుంది. లోపల ఏం చేస్తుందో పిల్లలు చూడరు. ఆదిత్య హాసన్‌ని తప్పుపట్టలేను. నా జ్ఞాపకంలో మా అమ్మా అలాగే ఉంది.

ఇక అసలు సంగతి. మా మేనల్లుడికి సినిమా పిచ్చి. వాడొక పెన్ డ్రైవ్ ఇచ్చి, “మావయ్యా, ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక 2022లో పెట్టిన ఓటింగులో ప్రపంచంలోకెల్లా గొప్ప సినిమాగా దీన్నే ఎన్నుకున్నారు” అన్నాడు. బెల్జియం దర్శకురాలు షాంటల్ అకర్మన్ 1975లో తీసిన ‘జాన్ డీల్మన్’. అసలు పేరు ఇంకా పొడుగు, ఇంటి నంబరూ వీధీ కూడా పేరులోనే ఉంటాయి. 201 నిమిషాలు. ఒక వితంతువు, పదో తరగతి వయసు కొడుకు, బ్రస్సెల్స్‌లో చిన్న ఫ్లాటు. మూడు రోజులు. బంగాళాదుంపలు తొక్క తీస్తుంది, మంచం సర్దుతుంది, బూట్లు తుడుస్తుంది, గదిలోంచి బయటికొస్తే లైటు ఆర్పుతుంది. మధ్యాహ్నం పూట ఒక మగమనిషి వచ్చి డబ్బిచ్చి పోతాడు, ఆ డబ్బు భోజనాల బల్ల మీది పింగాణీ గిన్నెలో వేసి మూత పెడుతుంది. కెమెరా కదలదు.

ఇది నేను రెండేళ్ళ క్రితం ఒకసారి మొదలెట్టి నలభై నిమిషాలకి ఆపేశాను. మంచి సినిమాలు చూస్తానని చెప్పుకునేవాణ్ణి కాబట్టి ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి చూపించే ఉద్దేశమే లేదు. నేను పెన్ డ్రైవ్‌లో ఇంకేదో వెతుకుతుంటే అది పడింది. “ఉండనివ్వండి” అంది.

ఆ సినిమాని వినడం అంటే ఏముంటుంది? మడమల చప్పుడు. లైటు స్విచ్. కుళాయి. మళ్ళీ మడమలు. నేను కూర తిప్పుతూ, ఇంకా చూస్తోందా, నిద్రపోయిందా అని మధ్యమధ్య తొంగిచూస్తే, చూస్తోంది. మూడు సాయంత్రాల్లో చూసింది, సినిమాలో రోజుకొకటి చొప్పున. సబ్‌టైటిల్స్ చదవాల్సినన్ని మాటలే లేవు.

రెండో సాయంత్రం లోపలికి కేకేసింది. “ఏవండీ, ఆవిడకేదో అయింది. రండి!”

వెళ్ళి చూశాను. జాన్ గిన్నె పట్టుకుని వంటింట్లోంచి బయటికి, మళ్ళీ లోపలికి తిరుగుతోంది. నాకేమీ కనపడలేదు. ఒకామె గిన్నె పట్టుకుని నడుస్తోంది, అంతే.

“దుంపలు ఎక్కువ ఉడికిపోయాయి. ఎక్కడ పారబొయ్యాలో తెలియడం లేదు. దానికి ముందు ఆ గిన్నె మూత కూడా పెట్టలేదు చూడండి, డబ్బులేసే గిన్నె. నిన్నయితే పెట్టింది.”

సినిమా గురించి రాసిన పెద్ద పెద్ద వ్యాసాలన్నీ ఆ దుంపల దగ్గరే ఆగుతాయి. ఆ సంసారపు యంత్రంలో మొదటి పన్ను అక్కడ విరిగిందని, ఆ తర్వాత జరిగేదంతా దాని పర్యవసానమేనని. నేనవి చదివాను. చదివీ, నలభై నిమిషాలు చూసీ ఆపేశాను. మా ఆవిడ ఏమీ చదవలేదు. రెండో రోజు దుంప మెత్తబడితే ఆవిడకి తెలిసిపోయింది. ఎలా తెలిసిందని అడిగితే, “అంతసేపు ఆవిడ వంటింట్లో లేదుగా” అంది, దానికి ప్రత్యేకంగా చెప్పేదేముంది అన్నట్టు.

ఈ సినిమా నెమ్మదిగా ఉంటుందని అంటారు. ఆ మాటకి అర్థం ఎవరికి నెమ్మది అని. వంట చేసేవాళ్ళకి అందులో ప్రతి నిమిషం ఏదో ఒకటి జరుగుతూనే ఉంది, చాలా వేగంగా జరుగుతోంది. మూడో రోజు కాఫీ రుచి కుదరక జాన్ పారబోసి మళ్ళీ కలుపుకునేటప్పుడు మా ఆవిడ కుర్చీ అంచుకి వచ్చేసింది. నేను పొయ్యి కట్టేసి వచ్చి పక్కన కూచున్నాను. చివర్లో జరిగింది చూసి ఇద్దరం చాలాసేపు మాట్లాడలేదు. అదేమిటో ఇక్కడ చెప్పను. చెప్పినా, 200 నిమిషాలు ఆ ఇంట్లో లేనివాళ్ళకి అదొక నేరవార్తలాగే ఉంటుంది.

అకర్మన్‌కి అప్పుడు పాతికేళ్ళు. ఆ వయసులో వంటింట్లో గడిచే కాలం బరువు అంత కచ్చితంగా ఎలా తెలిసిందా అని నాకు ఆశ్చర్యం. మా ఆవిడకి లేదు. “వాళ్ళమ్మని చూసి ఉంటుంది.”

కట్టు విప్పేసి నెలన్నర అయింది. చెయ్యి ఇంకా పూర్తిగా తిరగడం లేదు, బరువులు ఎత్తొద్దన్నారు. పొద్దుటి వంట ఆవిడది, రాత్రి వంట నాది అని ఒక ఒప్పందం నడుస్తోంది, రోజూ కాస్త గొడవతో. టీవీని వంటింటికి ఎదురుగా ఉన్న గోడకి మారుద్దామన్నాను. “వద్దు, ఆపడం నేర్చుకుంటే చాలు” అంది. ముప్ఫయ్యేళ్ళలో ఆవిడ నన్ను ఎప్పుడూ ఆపమని అడగలేదు. టీవీలో వచ్చేవి ఆగేవి కావన్నది నిజమే. కానీ డీవీడీలు వచ్చాక, ఆ తర్వాత ఇవన్నీ వచ్చాక కూడా అడగలేదు, నేనూ ఆపలేదు.

ఇప్పుడు సత్యజిత్ రాయ్ ‘మహానగర్’ చూస్తున్నాం. 1963ది. కలకత్తా ఇరుకింట్లో అత్తమామలు, ఆడపడుచు, పిల్లవాడు. ఇల్లు గడవక ఆరతి ఉద్యోగానికి వెళ్తుంది, అల్లిక మిషన్లు ఇంటింటికీ తిరిగి అమ్మే ఉద్యోగం. రిటైరైన మాస్టారు మామగారు కోడలి జీతం ముట్టనని, మాట్లాడనని అలిగి కూచుంటాడు, పాత శిష్యుల దగ్గరికి మాత్రం చెయ్యి చాపడానికి వెళ్తాడు. మాధవి ముఖర్జీ మొదటి జీతం తీసుకున్నాక అద్దంలో తనని తాను చూసుకునే చోట, నేనెప్పుడూ ఆ ముఖాన్నే చూసేవాణ్ణి. ఇప్పుడు, ఈవేళ ఆ ఇంట్లో ఎవరు వండారు అని కూడా తోస్తోంది.

నాలుగు రోజులుగా అది సగంలోనే ఉంది. నిన్న కుక్కర్ మూడో కూత దగ్గర ఆపాం, మొన్న పాలవాడొచ్చాడు. ఆరతి పెదాలకి రంగు వేసుకోవడం మొగుడి కంటపడింది, ఆవిడ దాన్ని కిటికీలోంచి విసిరేసింది, అక్కడిదాకా వచ్చాం. చివర్లో ఆరతి ఏం చేస్తుందో నాకు తెలుసు, మా ఆవిడకి తెలియదు. రోజూ అన్నాలప్పుడు ఊహించి చెబుతోంది. ఉద్యోగం మానదంటుంది. నేను ఔననీ కాదనీ అనకుండా వడ్డిస్తున్నాను.